హద్దుకి అవతల హెప్సీ బ్రే

ఎల్మ్‌స్టో ఊళ్లో చర్చి బట్టలు నలభై నాలుగేళ్లు ఉతికిన మనిషి హెప్సీ బ్రే. పాస్టరుగారి నిలువుటంగీలు, పాటలు పాడేవాళ్ల పొట్టి అంగీలు, ప్రభువు బల్ల మీద పరిచే తెల్ల గుడ్డలు, అన్నీ ఆమె చేతి గంజి తాగినవే. ఆమె ఇస్త్రీ చేసిన అంగీని నేల మీద పెడితే లోపల మనిషి లేకపోయినా నిలబడుతుందని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడితే ఆమెకి కోపం వచ్చేది కాదు. "మనిషి లోపల దూరబట్టే కదా మడతలు నలిగేది" అనేది.

గంజి ఒక్క బట్టలకే పెట్టేది కాదు, మాటకీ పెట్టేది. ఎవరి పిల్ల ప్రార్థన మధ్యలో నిద్రపోయినా, ఎవరు పంటల పండక్కి పుచ్చిన ఆపిల్ పళ్లు తెచ్చి కిటికీలో పెట్టినా, గడప దాటేలోపే హెప్సీ నోట్లో పడేవాళ్లు. అయినా ఎవరింట్లో మంచం పట్టినా ముందు వచ్చి పొయ్యి రాజేసేది ఆమే కాబట్టి ఊరు ఆమెను భరించింది. భరించింది అనడం కూడా తక్కువే, ఆ నోరు రెండు రోజులు వినపడకపోతే జలుబు చేసిందేమోనని కంగారుపడేవాళ్లు.

మొగుడు రూబెన్ కంచెలు అల్లడంలో చెయ్యి తిరిగినవాడు. ముళ్లపొదల కొమ్మల్ని సగం నరికి, వంచి, గొర్రెపిల్ల కూడా దూరకుండా అల్లేవాడు. పంతొమ్మిది వందల ముప్పై మూడు మార్చిలో వానలో తడుస్తూ ఒక కంచె పూర్తిచేశాడు, న్యుమోనియా తగిలింది, తొమ్మిదో రోజున పోయాడు. పిల్లలు లేరు. సమాధులు తవ్వే ఆమోస్ గిల్‌ని హెప్సీ ఇంటికి పిలిపించింది.

"ఎనిమిది అడుగులు తవ్వు" అంది.

"ఆరు చాల్లే హెప్సక్కా. రూబెన్ బావ లేచి ఎక్కడికీ పోడు."

"వాడు పోడని నాకూ తెలుసు. వాడి మీద నేను పడుకోవాలి కదా. నాకు చోటుంచి తవ్వు."

ఆమోస్ ఎనిమిది అడుగులూ తవ్వాడు. రాయి మీద పై సగంలో రూబెన్ పేరు చెక్కించి, కింది సగం ఖాళీగా వదిలేయించింది. అప్పటినుంచి ప్రతి శనివారం ఉతికిన బట్టలు చర్చిలో అప్పజెప్పి, గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరతో ఆ సమాధి మీద గడ్డి కత్తిరించి, రాయి తుడిచి, వారంలో ఊళ్లో జరిగిన సంగతులన్నీ మొగుడికి చెప్పేది. వెళ్లేముందు ఆ ఖాళీ సగం వైపు ఒకసారి చూసుకునేది. పొద్దుపోయాక పడుకోవడానికి ముందే పరిచి పెట్టుకున్న మంచంలా ఉండేది అది ఆమెకి. ఇంకేం పోయినా అది ఉందన్న ధైర్యంతోనే ఇరవై మూడేళ్లు ఒంటరిగా బతికింది.

ఇక పంతొమ్మిది వందల యాభై నాలుగు మొదట్లో సంగతి. హెప్సీ జీవితంలో సిగ్గుపడాల్సిన పని ఒక్కటే ఉంది, అది ఆ శీతాకాలంలో చేసింది.

సమాధుల తోటలో పదకొండు చోట్లే మిగిలాయని ఆమోస్ తేల్చిన నెలలోనే, కొండ అవతలి డన్‌వెల్ నుంచి సైలస్ హెక్స్ట్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. బండి చక్రాలు చేసే మనిషి, డన్‌వెల్ చర్చిలో పెద్ద. అతని భార్య లవ్‌డే మంచాన పడింది, డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. లవ్‌డే ఎల్మ్‌స్టోలో పుట్టిన పిల్ల. తల్లి పక్కన తనను పెట్టమని అడుగుతోంది. తల్లి సమాధి రూబెన్ సమాధికి మూడు గజాల దూరంలో ఉంది.

సంఘ కమిటీ చర్చి పక్క గదిలో కూర్చుంది. అందరికీ సైలస్ అంటే జాలే. హెప్సీ కూడా ఆ కమిటీలో ఉంది. ఆమె లేచి నిలబడింది.

"జాలి పడదామంటే నాకూ వస్తుంది జాలి. కానీ ఉన్నవి పదకొండు చోట్లు. మన ఊళ్లో డెబ్బై దాటినవాళ్లు పద్నాలుగు మంది. రేపు వీళ్లని వాగులో పడేస్తామా? డన్‌వెల్‌కి కాపరానికి పోయినావిడ డన్‌వెల్ మనిషే. హద్దంటే హద్దే. ఒక్క అడుగు అవతలున్నా అవతలే."

చర్చి పెద్ద, రైతు వేక్‌లీ, గడ్డం గోక్కుని అది న్యాయంగానే ఉందన్నాడు. పారిష్ హద్దు బయట, అంటే ఎల్మ్‌స్టో చర్చి కిందికి రాని నేలలో, కాపురం ఉండేవాళ్లకి ఇకమీదట సమాధుల తోటలో చోటు లేదని పుస్తకంలో రాశారు. అప్పటి ముసలి పాస్టరుగారు సంతకం పెట్టారు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్న సైలస్ "సరే" అని ఒక్క మాటే అన్నాడు. పన్నెండు రోజులకి లవ్‌డే పోయింది. డన్‌వెల్ కొండ మీద, గాలికి చెట్టన్నది నిలవని కొత్త జాగాలో పూడ్చారు.

చోట్ల కొరత నిజమే. కానీ హెప్సీ అడ్డం పడింది అందుకు కాదు. రూబెన్ తనను చేసుకోకముందు రెండు వేసవులు లవ్‌డేతో తిరిగాడు. లవ్‌డే నవ్వితే ఆరు పొలాల అవతలికి వినపడేది, జుట్టు గోధుమ కంకి రంగు. నలభై ఏళ్లు గడిచినా హెప్సీకి ఆ జుట్టు కళ్లలోంచి పోలేదు. చచ్చినవాళ్లంతా లేచే తీర్పు రోజున రూబెన్ కళ్లు తెరిస్తే మూడు గజాల్లో ఆ మనిషి లేచి కూర్చుంటుందన్న ఊహే ఆమెకి కంపరంగా ఉండేది. పైగా కమిటీకి ముందురోజు ఆమోస్ ఆమెతో చెప్పాడు: "లవ్‌డే వాళ్లమ్మది కూడా లోతు గుంటే అక్కా, మా నాన్న తవ్వాడు. పైన ఇంకొకరికి చోటుంది. కొత్త జాగా అక్కర్లేదు." హెప్సీ అతని మొహం కూడా చూడకుండా "నిన్నెవరూ అడగలేదు" అంది. ఆమోస్ కమిటీలో మనిషి కాదు, పలుగూ పారా పట్టేవాడు. అడక్కపోతే చెప్పడు. అలా ఆ మాట ఆ గదిలోకి రాలేదు.

ఆ ఊళ్లో యేసు పరలోకానికెళ్లిన ఆరోహణ పండగ రోజున హద్దులు కొట్టడం అని ఒక ఆచారం ఉంది. పాస్టరుగారు ముందు, వెనక ఊరంతా విల్లో బెత్తాలు పట్టుకుని పారిష్ చుట్టూ నడుస్తారు. ఎనిమిది హద్దురాళ్లున్నాయి. ప్రతి రాయి దగ్గరా ఒక కీర్తన చదివి, బెత్తాలతో రాయిని బాది, మా నేల ఇక్కడిదాకా అని జ్ఞాపకం పెట్టుకుని ముందుకి కదులుతారు. తాతల నాటి నుంచి పటం చూసినవాడు లేడు. కాళ్లకి దారి తెలుసు.

ఐదో రాయి, కంచెకీ వాగుకీ మధ్యనున్న హెప్సీ ఇంటి వాకిట్లో ఉండేది. కంచెలో సందు దాటి, కంచె వెంబడే ఉన్న గుంట మీద వేసిన పలక దాటి, ఆమె ఇంటి ముందుకి వచ్చి, ఆ రాయిని కొట్టి, ఆ తర్వాత ఆమె ఇంటి ముందు వేసిన బల్ల చుట్టూ చేరేవాళ్లు. సీమసోపు వేసిన కేకు, పీపాలోంచి అప్పుడే పట్టిన, కాస్త మత్తెక్కించే ఆపిల్ సైడరు. మిగతా ఏడు రాళ్ల దగ్గర కీర్తన పూర్తిగా చదివేవాళ్లు, ఐదో రాయి దగ్గర మాత్రం రెండు చరణాలతో సరిపెట్టేవాళ్లు. హెప్సీ అత్తగారి కాలం నుంచి అంతే. అత్తగారు పోయాక కేకు తూకం కూడా తగ్గనివ్వలేదు హెప్సీ.

యాభై ఆరు మే నెలలో కొత్త పాస్టరు ప్రిడోగారు మొదటిసారి హద్దులు కొట్టడానికి బయల్దేరారు. వయసు నలభై లోపు, సన్నటి మనిషి, అన్నీ కాగితం మీద చూసుకుంటేగానీ నిద్రపట్టని రకం. బిషప్ కార్యాలయం నుంచి నూరేళ్లనాటి పటానికి నకలు తెప్పించుకుని చంకలో పెట్టుకున్నారు. నాలుగు రాళ్లూ సరిగ్గా పటంలో ఉన్నట్టే ఉన్నాయి. హెప్సీ ఇంటి కంచె దగ్గరికి వచ్చేసరికి ఊరంతా ఎవరూ చెప్పకుండానే ఎడమకి తిరిగి సందులోంచి దూరిపోయింది. పాస్టరుగారు ఒక్కరే కంచెకి ఇవతల పటం తిప్పుకుంటూ మిగిలారు.

"మీరంతా ఎక్కడికండీ?"

"ఐదో రాయికి, అయ్యగారూ" అన్నాడు వేక్‌లీ, సగం సందులో, సగం బయట.

"ఐదో రాయి ఇక్కడే ఉండాలి. ఈ కంచెలో. హద్దు ఈ గుంట వెంబడే వెళ్లింది, వాగు దాకా పోలేదు."

"మా తాత కొట్టిన రాయి అటుంది అయ్యగారూ. పటం గీసినాయన సైడరు తాగి ఉంటాడు."

అందరూ నవ్వారు. పాస్టరుగారు మాత్రం నవ్వకుండా ఆమోస్ వైపు చూశారు. ఆమోస్ నిట్టూర్చి గుంటలోకి దిగి, పొదల మధ్య చేతికర్రతో గుచ్చుకుంటూ పోయాడు. పదిహేను అడుగులు వెళ్లాక కర్ర ఠంగుమంది. నాచు గీకితే సిలువ గుర్తు బయటపడింది, మిగతా రాళ్ల మీద ఉన్నలాంటిదే.

ఊరంతా నోరు తెరిచింది. ఇంటి ముందు తెల్ల గుడ్డ పరిచిన బల్ల దగ్గర నిలబడిన హెప్సీ కూడా మెడ చాచి చూస్తోంది. మోకాళ్ల నొప్పులవల్ల ఆమె ఊరితోపాటు హద్దుల చుట్టూ నడవడం మానేసి నాలుగేళ్లయింది.

"మరి అక్కడ నేను ఇన్నేళ్లూ బాదుతున్నదేంటి?" అన్నాడు వేక్‌లీ.

అందరూ వాకిట్లో రాయి చుట్టూ మూగారు. చదరంగా ఉంటుంది, పైన ఒక ఇనుప కడియం. పాస్టరుగారు ఆ కడియం పట్టుకుని, "హద్దురాయికి కడియం ఎందుకండీ?" అని అడిగారు. ఆమోస్ తల గోక్కున్నాడు.

"ఇది చీజ్ నొక్కే రాయి అయ్యగారూ. మా అమ్మమ్మ ఇంట్లో ఉండేది ఇలాంటిదే. కడియానికి తాడు కట్టి పైకి లాగుతారు."

సంగతి అప్పుడు అర్థమైంది. హెప్సీ అత్తగారి రోజుల్లో తీపి అంటే ప్రాణమిచ్చే పాస్టరు ఒకాయన ఉండేవాడని అందరూ విన్నదే. కాళ్లవాపుతో నడవలేక ఒక ఏడాది కంచె దాటి ఆ ఇంటి ముందు కూలబడి, కేకు తిని, దగ్గర్లో కనపడిన రాయిని కొట్టించేసి ఉంటాడు. మరుసటి ఏడాది కాళ్లు మళ్లీ అటే పోయాయి. అరవై ఏళ్లలో అసలు రాయి పొదల్లో కలిసిపోయింది, కేకు ఉన్న చోటే హద్దయింది.

"అరవై ఏళ్లుగా చీజ్ రాయికి కీర్తనలు పాడాం రా!" అని వేక్‌లీ కడుపు పట్టుకుని నవ్వాడు. "అయితే హెప్సీ, నువ్వు డన్‌వెల్ దానివే! ఇన్నాళ్లూ పరాయి ఊరి కేకు తిన్నామన్నమాట!"

హెప్సీ కూడా నవ్వింది. "తిన్నది కక్కించనులే, కూర్చో" అంది. కత్తి తీసుకుని కేకు కోయబోయింది. మొదటి ముక్క సగం తెగింది, కత్తి ఆగిపోయింది. ఒక్క అడుగు అవతలున్నా అవతలే అని తన గొంతే తనకి వినిపించింది. కత్తి వదిలేసి గడప మీద కూర్చుండిపోయింది. ఆ పూట మిగతా కేకు పాస్టరుగారే కోసి పంచారు. ఎండ తగిలి ఉంటుందని అందరూ అనుకున్నారు.

శనివారం సమాధి దగ్గరికి వెళ్లింది. గడ్డి కత్తిరించింది, రాయి తుడిచింది. ఇరవై మూడేళ్లలో చెప్పుకోదగ్గ పెద్ద కబురు అదే, అయినా నోరు రాలేదు. ఖాళీ సగం వైపు చూడలేక, తల వంచుకుని వెళ్లిపోయింది. ఆ వారం పాస్టరుగారి అంగీ మెడ దగ్గర మెత్తగా వాలిపోయింది. గంజి పెట్టడం మర్చిపోయింది హెప్సీ.

ఆ మెత్తటి మెడ చూసే పాస్టరుగారు ఆమె ఇంటికి వచ్చారు. పుస్తకంలో పాత తీర్మానం ఆయన కూడా చదివారు.

"మిసెస్ బ్రే, మీరేం బెంగపెట్టుకోకండి. కమిటీ తలుచుకుంటే ఒక్క నిమిషం పని. మీ ఒక్కరికీ మినహాయింపు అని రాసేస్తే సరిపోతుంది. ఎవరూ కాదనరు."

"కాదనరు అయ్యగారూ. అదే నా బాధ."

"అర్థం కాలేదు."

"అర్థం కాకపోవడమే మంచిది లెండి. టీ తాగుతారా?"

పాస్టరుగారు టీ తాగి, ఏమీ తేలకుండానే వెళ్లిపోయారు. నాలుగు రాత్రులు హెప్సీ తనతో తనే వాదించుకుంది. ఆ మినహాయింపుకి ఒప్పుకుంటే రూబెన్ మీద చోటు దక్కుతుంది. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, అందరూ చేతులెత్తేస్తారు. ఇంత తేలిక పని జీవితంలో ఇంకోటి ఎదురుపడలేదు ఆమెకి, అయినా మనసొప్పలేదు.

జూన్ మొదటి వారంలో కమిటీ కూర్చుంది. వేక్‌లీ నవ్వుతూ లేచాడు.

"మన హెప్సీని వాగు అవతలికి తోసేయలేం కదా. ఆ తీర్మానం కింద, మిసెస్ బ్రేకి తప్ప, అని రాసేద్దాం. ఏమంటారు?"

చేతులన్నీ లేస్తున్నాయి. హెప్సీ బల్ల పట్టుకుని నిలబడింది.

"చేతులు దించండి. ముందు నేను చెప్పేది వినండి. ఆ రోజు లవ్‌డేకి కొత్త జాగా అక్కర్లేదు. వాళ్లమ్మది లోతు గుంట. ఆమోస్ నాకు ముందే చెప్పాడు. నేను మీకు చెప్పలేదు."

వేక్‌లీ మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఎందుకు చెప్పలేదు?"

"రూబెన్ దగ్గర దాన్ని పడుకోనివ్వడం ఇష్టంలేక. నన్ను చేసుకోకముందు దాంతో తిరిగాడు. అంతే. చోట్ల లెక్కలు, ముసలివాళ్ల లెక్కలు, హద్దులు, అన్నీ సాకులు. నేనిది ముప్పై ఏళ్ల వయసులో చేస్తే పోనీలే అనుకుందురు. అరవై తొమ్మిదేళ్లకి చేశాను, చర్చి గోడల మధ్య నిలబడి."

పాస్టరుగారి ముందున్న సిరాబుడ్డి మూత ఎవరో తీసి మళ్లీ పెట్టిన చప్పుడు అందరికీ వినపడింది. పాస్టరుగారే అడిగారు.

"ఇప్పుడు మమ్మల్ని ఏం చేయమంటారు?"

"ఆ తీర్మానం కొట్టేయండి. పూర్తిగా. తల్లి దగ్గరకో మొగుడి దగ్గరకో రావాలనుకునేవాళ్లని ఏ ఊరని అడక్కండి. నా సంగతి పక్కన పెట్టండి. సైలస్ సరేనంటేనే నాకు ఆ చోటు. వద్దంటే డన్‌వెల్ కొండ మీదే పూడ్చండి. నేను డన్‌వెల్ దాన్నే కదా."

తీర్మానం కొట్టేశారు. ఆ రోజు వేక్‌లీ ఆమెను ఇంటిదాకా దింపుతానంటే వద్దంది. ఊళ్లో కొందరు ఆమెతో వారం రోజులు మాట్లాడలేదు. అందులో తప్పేమీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం కొండ ఎక్కి దిగి, రెండు మైళ్లు నడిచి డన్‌వెల్ వెళ్లింది. మోకాళ్లు రెండుసార్లు మొరాయిస్తే రెండుసార్లు గట్టు మీద కూర్చుంది. సైలస్ పెరట్లో చిక్కుడు తీగలకి కర్రలు పాతుతున్నాడు. ఆమెను చూసి పని ఆపలేదు.

"మిసెస్ బ్రే. దారి తప్పావా?"

"లేదు సైలస్. నీ దగ్గరికే వచ్చాను."

నిలబడే మొత్తం చెప్పింది. లోతు గుంట సంగతి, ఆమోస్ సంగతి, తన అసూయ సంగతి, ఏదీ మెత్తబెట్టలేదు. సైలస్ కర్ర చేత్తో పట్టుకుని విన్నాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"చోటుందా?" అన్నాడు. "చోటు ఉండగానే అలా అన్నావా?"

"అన్నాను."

"చివరి రాత్రంతా నన్ను అడుగుతూనే ఉంది, వాళ్లెందుకు వద్దన్నారు సైలస్ అని. చోటు లేదని చెప్పాను. నాకు తెలిసింది అదే. పాపం వాళ్లూ ఏం చేస్తారు అంది. మిమ్మల్ని వెనకేసుకొచ్చింది."

లవ్‌డే తిట్టి ఉన్నా హెప్సీ తట్టుకునేది.

"కావాలంటే ఇప్పుడైనా లవ్‌డేని తల్లి దగ్గరికి మార్చవచ్చంటున్నారు అయ్యగారు. బిషప్ గారి అనుమతి..." అని మొదలుపెట్టింది.

"నోర్ముయ్. దాన్ని తవ్వి తీయించి, నీ మనసు కుదుటపరచనా? అది అక్కడే ఉంటుంది. నేను పోయాక దాని పక్కనే."

కర్ర విసిరేసి లోపలికి వెళ్లిపోయాడు. వెళ్లిపోవాలో ఉండాలో తెలియక హెప్సీ ఆ చిక్కుడు పాదుల మధ్యే నిలబడింది. చాలాసేపటికి టోపీ పెట్టుకుని బయటికి వచ్చాడు, పొట్టి గుర్రాన్ని చిన్న బండికి కట్టాడు.

"ఎక్కు. నడిచిపోతే దారిలోనే పడతావు. ఆ పాపం కూడా నా మీదికెందుకు."

ఎల్మ్‌స్టో చర్చి దగ్గర బండి ఆపి, ఆమెను దింపి, వెళ్లిపోతాడనుకుంటే తనూ దిగాడు. రెండున్నరేళ్ల తర్వాత ఆ తోటలోకి అడుగుపెట్టాడు. లవ్‌డే తల్లి సమాధి ముందు ఆగాడు.

చుట్టూ ఏడు సమాధుల మీద గడ్డి గడ్డం గీసినట్టు నున్నగా ఉంది. రూబెన్‌ది ఎలాగూ ఉంటుంది, ఇరుగుపొరుగువి కూడా హెప్సీయే కత్తిరించేది. ఈ ఒక్కదాని మీద మాత్రం దురదగొండి నడుమెత్తు పెరిగింది. రాయి మీద పేరు కూడా కనపడటం లేదు.

"నీ కత్తెర ఇక్కడిదాకా రాలేదన్నమాట" అన్నాడు సైలస్.

"రానివ్వలేదు."

హెప్సీ మోకాళ్ల మీద కూలబడింది. చేతులకి గుడ్డైనా చుట్టుకోకుండా దురదగొండి మొదళ్లు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. మొక్కలు వేర్లతో సహా ఊడివస్తున్నాయి, చేతులు మోచేతుల దాకా ఎర్రగా దద్దుర్లు తేలుతున్నాయి. సైలస్ ఆపలేదు. కాసేపు చూసి, రెండో వైపు వంగి తనూ పీకడం మొదలుపెట్టాడు.

"నలభై ఏళ్లు మోశావా దీన్ని?" అన్నాడు, తల ఎత్తకుండా.

"నలభై నాలుగు."

"నన్నడిగితే చెప్పేవాణ్ణి కదే పిచ్చిదానా. వాళ్లిద్దరికీ ఒక్క రోజు పడేది కాదు. ఆ రెండు వేసవులూ పోట్లాడుకోవడానికే తిరిగారు. నా పెళ్లిలో తోడు పెళ్లికొడుకు రూబెనే, గుర్తుందా? చర్చి ముందు నిలబడి నా చెవిలో ఏమన్నాడో తెలుసా? 'నేను బతికిపోయాను, ఇక నీ పాట్లు నువ్వు పడు సైలస్' అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను."

హెప్సీకి ఆ రోజు గుర్తొచ్చింది. రూబెన్ వంగి సైలస్ చెవిలో ఏదో చెప్పడం, ఇద్దరూ భుజాలు కదిలేలా నవ్వడం, ముసుగు కింద లవ్‌డే కూడా నవ్వడం. అప్పుడు మూడో వరసలో కూర్చుని, వాళ్లు తనను చూసే నవ్వుకుంటున్నారనుకుంది. ఒక్క మాట, ఎవరినైనా అడిగి ఉంటే అయిపోయేది. గుప్పెడు దురదగొండి పట్టుకునే ఏడ్చింది. మంచం మీద పడి ఉండి, పాపం వాళ్లూ ఏం చేస్తారు అన్న ఆ ఆడమనిషి కోసం, ఆ జన్మలో మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చింది.

సైలస్ లేచి గోడవారకి వెళ్లాడు. అక్కడ అడవి చుక్కాకు గుబురుగా పెరుగుతుంది. దురదగొండికి అదే విరుగుడని ఆ చుట్టుపక్కల పసిపిల్లలకీ తెలుసు. నాలుగు వెడల్పాటి ఆకులు తెంపి, అరచేతిలో నలిపి, తెచ్చి ఆమె ముందు పట్టాడు.

"లవ్‌డేకి నువ్వు చేయగలిగింది ఇక ఏమీ లేదు హెప్సీ. అది నీకు తెలుసు, నాకు తెలుసు. దాంతోనే బతకాలి నువ్వు. నేను తీసేయలేను."

"తెలుసు సైలస్."

"ఊఁ. రుద్దుకో ముందు, రేపటికి బొబ్బలెక్కుతాయి. రుద్దుకున్నాక అయ్యగారి ఇంటికెళ్లి చెప్పు, సైలస్ సరేనన్నాడని."